బసమ్మ పంపకం

కోసిగి పక్క పల్లెల్లో కూలి గుంపులకు కొదవ లేదు. దసరా నుంచి ఆదోని, కౌతాళం చుట్టుపక్కల పత్తి తీస్తారు. పత్తి అయిపోగానే మూటాముల్లె సర్దుకొని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఎండలు ముదిరాక ఊరికి తిరిగొస్తారు. అందరి బతుకూ ఇదే. అయినా బసమ్మ గుంపు మాట వస్తే జనం కాస్త వేరుగా మాట్లాడతారు. ఆ గుంపులో తిండి దగ్గర గొడవ రాదు. వస్తే బసమ్మ ఊరుకోదు.

మిరప కోతలకు బయలుదేరే ముందురోజు ఆమె ఇంటి ముందు ఒక గోనెపట్ట పరుస్తారు. గుంపులో ఉన్నది పదిమంది ఆడవాళ్లు. ఎవరింటి నుంచి వాళ్లు జొన్నపిండి తెచ్చి ఆ పట్ట మీద పోస్తారు. ఒకరిది నిన్న మరలో ఆడించిన కొత్త పిండి, ఇంకొకరిది పురుగు పట్టిన పాత పిండి. ఒకరు రెండు చేటలు తెస్తే ఒకరు అర చేట తెచ్చి తలొంచుకొని నిలబడతారు. బసమ్మ కొంగు నడుముకు దోపుకొని మోచేతుల దాకా పిండిలో పెట్టి కలుపుతుంది. అంతా ఒకే గోనెసంచికి ఎత్తి దబ్బనంతో మూతి కుడుతుంది.

“ఇంగ ఎవురి పిండి ఎవురిదో సెప్పండి, సూస్తాం,” అని నవ్వుతుంది.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఆమెకు పదిహేనేళ్లప్పుడు తల్లి వెంట మొదటిసారి మిరప కోతలకు పోయింది. అప్పట్లో ఎవరి పొయ్యి వాళ్లదే. ఇరవయ్యో రోజుకు తల్లీకూతుళ్ల పిండి అయిపోయింది. చుట్టూ పొయ్యిల మీద రొట్టెలు కాలుతున్నాయి. అడగడానికి తల్లికి నోరు రాలేదు, పెట్టడానికి పక్కవాళ్లకు చెయ్యి రాలేదు. “వాసన రాకుండా అటు తిరిగి పండుకో పాపా,” అంది తల్లి. బసమ్మ అటు తిరిగి పడుకుంది. వాసన అటు కూడా వచ్చింది. గుంపు తన చేతికి వచ్చిన ఏడు ఆమె చేసిన మొదటి పని ఆ గోనెసంచి కుట్టడం.

ఇప్పుడు ఆమెకు యాభై రెండు. మనిషి పొడుగు, మాట కరుకు, పంపకం మాత్రం తక్కెడ పెట్టి తూచినట్టు ఉంటుంది. ఉల్లిగడ్డ అయినా పది ముక్కలు కోస్తుంది. మరిది గిడ్డయ్య భార్య మల్లేశ్వరి కూడా అదే గుంపులో ఉంది. ఇంట్లో ఇద్దరూ తోడికోడళ్లు, ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు. మల్లేశ్వరికి పెళ్లయి వచ్చినప్పుడు పదహారేళ్లు. పత్తి కాయ నుంచి దూది ఎలా లాగాలో వేళ్లు పట్టుకొని నేర్పింది బసమ్మే. కడుపున పుట్టిన కూతురు లేని బసమ్మకు ఆ పిల్ల అంటే ప్రాణం. అలాగని ఉల్లి ముక్క మాత్రం ఒక్కటి ఎక్కువ వేసేది కాదు.

పొద్దుటి పూట బసమ్మ ఇంకొకటి కూడా పంచేది. నొప్పి సెట్టు. మందుల షాపులో అడిగితే కాగితంలో మూడు బిళ్ళలు చుట్టి ఇస్తారు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది, ఒకటి చాలా చిన్నది. ఆ చిన్నది ఏమిటో షాపువాడికే తెలియాలి. రోజంతా నడుము వంచి పత్తి తీసే మనిషికి ఆ సెట్టు పడకపోతే పదకొండు గంటలకు నడుము లేవదు. వక్కాకు సంచిలోంచి తీసి తలా ఒకటి చేతిలో పెడితే, పరగడుపున టీతో మింగి ఆటో ఎక్కేవాళ్లు. మధ్యాహ్నానికి కడుపులో మంట. మంటకు నీళ్లలో చిటికెడు వంటసోడా. ఈ వైద్యం ఎన్నేళ్లుగా సాగుతోందో ఎవరూ లెక్క పెట్టలేదు. మంట అందరికీ ఉండేది, మల్లేశ్వరికి ఎక్కువ. రొట్టె సగం తిని, పొట్ట పట్టుకొని గట్టు మీద కూర్చునేది.

ఆ ఏడు దసరా ముందు ఆదోనిలోని ఒక ఆసుపత్రి నుంచి ప్రార్థన అనే డాక్టరమ్మ ఊరికి వచ్చింది. నొప్పి బిళ్ళలు మింగే కూలివాళ్ల కడుపుల్లో ఏం జరుగుతోందో తెలుసుకునే పరిశోధన మొదలుపెట్టామని చెప్పింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. బడి అరుగు మీద వాళ్లతో పాటు కిందే కూర్చుంది.

“మొదటి మాట, ఆ నొప్పి సెట్లు మానేయండి. అవి పొట్టలో పుండు చేస్తాయి,” అంది.

“మానేస్తే పత్తి ఎవురు తీస్తారు తల్లీ, నువ్వొస్తావా?” అంది బసమ్మ. అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు తొందరగానే ఆగిపోయింది.

మానలేని వాళ్లకు పొట్టకు కాపుగా ఒక గొట్టం మాత్ర, అదే క్యాప్సూలు, ఇస్తామంది. దాని సంగతి విడమరచి చెప్పింది. మనిషికొక సీసా, సీసా మీద నంబరు. కొన్ని సీసాల్లో నిజం మందు ఉంటుంది, కొన్నింట్లో ఉత్త పొడి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది వచ్చిందో తనకూ తెలియదు, తన తరఫున ఊళ్లకు తిరిగే యశోద అనే పిల్లకూ తెలియదు. ఆర్నెల్లయ్యాక రెండు రకాల వాళ్ల కడుపులూ పోల్చి చూస్తేనే ఆ మందు కూలివాళ్లకు అక్కరకొస్తుందో లేదో తేలుతుంది. తేలితే అందరికీ ఇప్పించమని పైవాళ్లను అడగొచ్చు. “కాబట్టి ఎవరి సీసా వాళ్లే మింగాలి. ఒకరిది ఒకరు తాకొద్దు,” అని ముమ్మారు చెప్పింది. మలం తారులా నల్లగా వచ్చినా, కళ్లు తిరిగినా ఆ రోజే ఫోను చేయాలని, వెంటనే నొప్పి బిళ్ళ ఆపాలని కూడా చెప్పింది. ఆమె చెప్పకపోవడం అంటూ ఏమీ లేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పి పెట్టడం న్యాయం.

పదిమందినీ ఆదోనికి పిలిపించి గొంతులోంచి సన్నటి గొట్టం దించి కడుపు చూశారు. ఎవరికీ పుండు లేదు. పదిమందీ వేలిముద్రలు వేశారు.

యశోద ఎమ్మిగనూరు పిల్ల. తండ్రి మగ్గం నేసేవాడు. డిగ్రీ చదివి, ఈ పరిశోధనలో ఊరూరా తిరిగి సీసాల్లో మాత్రలు లెక్కపెట్టే ఉద్యోగంలో చేరింది. రెండు వారాలకు ఒకసారి స్కూటరు మీద వచ్చేది. మొదటిసారి కాగితం తీసి వరుసగా అడిగింది, మంట ఉందా, వాంతి ఉందా, మలం నల్లగా ఉందా అని.

“తెల్లారకముందే కంపసెట్ల సాటుకు పోతాం తల్లీ. సీకట్లో అన్నీ నల్లగానే ఉంటాయి,” అంది భారతి. గుంపులో అందరికన్నా చిన్నది, వెనకా ముందూ చూసుకోకుండా మాట్లాడుతుంది. అందరూ పగలబడి నవ్వారు. ప్రభుత్వం కట్టించిన మరుగుదొడ్లు ప్రతి ఇంటికీ ఉన్నాయి. వాటిలో పత్తి కట్టెలు పేర్చి ఉన్నాయి. యశోద కూడా నవ్వుకుంటూ ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

సీసాలు ఇచ్చిన రోజున సగం మంది పొలంలో ఉన్నారు. తిరిగి రావడం ఎందుకని యశోద పది సీసాలూ బసమ్మ చేతికే ఇచ్చి పోయింది. ఆ సాయంత్రం బసమ్మ ఇంటి ముందు అందరూ చేరారు.

డాక్టరమ్మ చెప్పినదంతా బసమ్మకు అర్థం కాలేదని అనుకుంటే పొరపాటు. అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఒప్పలేదు. ఒకే సాలులో ఒకేలా వంగి, ఒకే సెట్టు మింగే పదిమందిలో కొందరికి మందు, కొందరికి పొడా? ఎవరికో తెలియకుండా? పొద్దున్నే ఎవరి మొహం చూసి ఆమె ఆ మాత్ర మింగాలి? సీసాలు ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. తర్వాత లోపలికి పోయి చేట తెచ్చింది. ఒక్కొక్క మూతా తిప్పి పది సీసాలూ చేటలోకి వంచింది.

“అక్కా, ఎవురిది వాళ్లే మింగాలన్నింది గదా డాక్టరమ్మ,” అంది మల్లేశ్వరి.

“నీ సీసాలో ఉత్తదుంటే ఏం సేస్తావు? అందరికంటే నీకే గదా మంట ఎక్కువ. నీకోసమే సేస్తాండా, నోరు మూసుకో,” అంది బసమ్మ.

మల్లేశ్వరి నోరు మూసుకుంది. బసమ్మ చేత్తో మాత్రలు కలిపింది. అన్నీ ఒకే రంగు, ఒకే నునుపు. కలిపాక ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పోసింది. మరునాటి నుంచి నొప్పి సెట్టుతో పాటు ఆ డబ్బాలోంచి తలా ఒక గొట్టం మాత్ర. ఒకరోజు నిజం వస్తే ఒకరోజు ఉత్తది వస్తుంది, అందరికీ కొంత కొంత అందుతుంది. ఆడవాళ్లందరికీ ఇది నచ్చింది. అందులో తప్పుందని ఒక్కరికీ తోచలేదు.

యశోద వచ్చే ముందురోజు మిగిలినవి సమంగా పది సీసాల్లోకి పోసి పెట్టేది బసమ్మ. యశోద లెక్క పెట్టేది. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. “పెద్దమ్మా, మా లిస్టులో ఇంత పద్ధతిగా మింగే ఊరు ఇంకోటి లేదు. మీటింగులో మీ ఊరి పేరే సెప్పినారు,” అంది ఒకసారి. ఆ మాటకు బసమ్మ రెండు రోజులు గర్వంగా తిరిగింది. ఆ లెక్క అంత బాగా ఎందుకు కుదిరిందో అడగాలని యశోదకు తోచలేదు, ఆసుపత్రిలో ఇంకెవరికీ తోచలేదు.

దీపావళి దాటాక పత్తి ముమ్మరమైంది. మల్లేశ్వరికి కుడి భుజం పట్టేసింది. పొద్దుట ఒక సెట్టు, మధ్యాహ్నం ఇంకో సెట్టు మింగసాగింది. మనిషి పాలిపోయింది. గట్టు ఎక్కితే రొప్పేది. ఒకరోజు పొలంలో కడుపు నొప్పి వచ్చి పట్టపగలు చెట్ల చాటుకు పోయి, తిరిగొచ్చి బసమ్మ పక్కన నిలబడింది.

“అక్కా, నల్లగా వచ్చింది. రోడ్డుకేసే తారు ఉంటాది సూడు, అట్ల.”

బసమ్మ చేతులు ఆగాయి. ఒక్క క్షణమే ఆగాయి. “పోయిన నెలలో సర్కారోళ్లు ఐరను బిళ్ళలు ఇచ్చిండ్రి గదా, వాటికి అట్లే వస్తాది. అందరమూ ఒకే మందు తింటాండాం. మాకేం కాలేదు, నీకేమిటికి అవుతాది?”

“యశోదకు ఫోను సేద్దామా?”

“మూన్నాళ్లకు ఆ పాపే ఎట్లాగూ వస్తాది గదా. అప్పుడు సెబుదాం.”

ఇక్కడ బసమ్మను వెనకేసుకు రావడం నాకు చేతకాదు. ఫోను చేస్తే ఆసుపత్రివాళ్లు వస్తారు, సీసాలు అడుగుతారు, చేట సంగతి బయటపడుతుంది. ఈ ఆలోచన ఆమెకు వచ్చింది. పెద్దగా రాలేదు, కంట్లో నలుసులా వచ్చి పోయింది. అయినా వచ్చింది.

యశోద రావాల్సిన రోజుకు ఒకరోజు ముందు, కౌతాళం వైపు ఒక పత్తి చేనులో ఉన్నారు. తొమ్మిదిన్నర అయివుంటుంది. మల్లేశ్వరి నడుముకు కట్టుకున్న ఒడిలో అప్పటికే సగం పత్తి నిండింది. “అక్కా” అని ఒక్క పిలుపు వినిపించింది. బసమ్మ తల తిప్పేసరికి మల్లేశ్వరి మోకాళ్ల మీద కూర్చొని ఉంది. ఒళ్లోని తెల్లటి పత్తి మీదికి రక్తం కక్కుతోంది. ముందు నల్లగా, గడ్డలుగా, తర్వాత ఎర్రగా. బసమ్మ రెండు చేతులూ దోసిలి పట్టింది, ఎందుకు పట్టిందో ఆమెకే తెలియదు.

ఆటోలో ఆదోనికి తెచ్చారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. డాక్టరమ్మ ప్రార్థన తానే దగ్గరుండి గొట్టం వేసి చూసింది. కడుపులో పుండు లోతుగా తెగిందని, కర్నూలుకు తీసుకుపోవాలని చెప్పి, అంబులెన్సులో తానూ ఎక్కింది. ఎమ్మిగనూరు దాటారు. గోనెగండ్ల రాకముందే మల్లేశ్వరి ప్రాణం పోయింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. అంబులెన్సులో బసమ్మ కూడా ఉంది. తలను ఒళ్లో పెట్టుకొని ఉంది. చల్లబడుతున్న ఆ తల బరువు ఆమె తొడలకు తర్వాత చాలా రోజులు తెలుస్తూనే ఉండింది.

మూడో రోజు కర్మ అయ్యాక, నాలుగో రోజు యశోద వచ్చింది. చచ్చిపోయిన మనిషి సీసా వెనక్కి తీసుకుపోవాలి, అది వాళ్ల నిబంధన. ఏడుస్తూనే వచ్చింది పాపం. అప్పటికి ఊళ్లో మాట పాకిపోయింది, పరీక్షల మందు పెట్టి మల్లేశ్వరిని చంపారని. గిడ్డయ్య స్కూటరు తాళం లాక్కున్నాడు. పదిమంది మగవాళ్లు ఆ పిల్ల చుట్టూ నిలబడ్డారు. ఒకడు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

“నా పెండ్లానికి ఏం పెట్టినారు మీరు? సెప్పు!” అన్నాడు గిడ్డయ్య.

“అన్నా, ఆ మందు పొట్ట మంచికేనన్నా. ఆమె ఒక్కరోజు కూడా తప్పకుండా మింగింది. సూడండి, లెక్క సరిగ్గా ఉండాది,” అంటూ సీసా చూపించింది యశోద. ఎవడో ఆమె భుజం పట్టి తోశాడు. తూలి గోడకు తగిలింది.

బసమ్మ తన గడపలో నిలబడి ఉంది. ఆమె నోరు మెదపకుండా ఉంటే చాలు, అంతా ఆసుపత్రి మీదికి పోతుంది. మల్లేశ్వరికి ఉత్త పొడి సీసా వచ్చిందనుకొని రేపటి నుంచి తానూ నిమ్మళంగా ఏడవొచ్చు. యశోద పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆ రక్తం చూశాక బసమ్మ లోపలికి పోయి చేట తెచ్చింది. జనంలోకి వచ్చి గిడ్డయ్య కాళ్ల దగ్గర పెట్టింది.

“ఆ పాపను ఇడిసిపెట్టు గిడ్డయ్యా. సీసాలు నేను కలిపినా. పదీ దీంట్లో పోసి కలిపి, నేనే పంచినా. నల్లగా వచ్చిందని నీ పెండ్లాం నాకు సెప్పింది. ఫోను సేద్దామంటే నేనే ఆపినా.”

ఫోను పట్టుకున్నవాడు ఫోను దించాడు.

“ఏమిటికి వదినా?” అన్నాడు గిడ్డయ్య. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు బాగుండేది.

“ఆమె కోసమే,” అంది బసమ్మ. అన్నాక ఆ మాట ఎంత ఘోరంగా ఉందో తన చెవులకే వినిపించింది.

గిడ్డయ్య, బసమ్మ ఇద్దరూ ఆదోనికి పోయి డాక్టరమ్మకు అంతా చెప్పారు. ఆమె తిట్టలేదు. కాగితం మీద రాసుకుంటున్న పెన్ను కింద పెట్టింది. “పది సీసాలూ ఒక్క చేతికి ఇవ్వడం మా తప్పు. మీరు పదిమందీ ఒకే సంచిలో తింటారని తెలుసు. అది మందుల దాకా వస్తుందని నేను అనుకోలేదు. అనుకోవాల్సింది నేను,” అంది. ఈ సంగతి పైన కమిటీకి చెప్పాలని, ఈ పదిమందినీ పరిశోధన లోంచి తీసేస్తారని, అప్పుడు ఏ సీసాలో ఏముందో తెలుస్తుందని చెప్పింది. మిగిలిన తొమ్మిదిమందినీ పిలిపించి మళ్లీ కడుపులు చూశారు. భారతికి చిన్న పుండు పడి ఉంది. ఆమెకు నిజం మందే రాసిచ్చారు.

రెండు వారాల తర్వాత కబురొచ్చింది. మళ్లీ ఇద్దరే పోయారు. బస్సులో గిడ్డయ్య ముందు సీటులో, బసమ్మ వెనక సీటులో.

“మీరు తెలుసుకోవాల్సిన అవసరం లేదు పెద్దమ్మా. తెలిసి చేసేదేం లేదు,” అంది డాక్టరమ్మ.

“సెప్పు తల్లీ. ఆమెది నాలుగో నంబరు.”

డాక్టరమ్మ గిడ్డయ్య వైపు చూసింది. అతను తల ఊపాడు.

“నాలుగో సీసాలో ఉన్నది నిజం మందే.”

గిడ్డయ్య లేచి బయటికి పోయాడు.

“అది దినామూ పడింటే బతికేదా?”

“చెప్పలేను. రెండు పూటలా నొప్పి సెట్టు మింగింది. మందు పడినా కొందరికి పుండు పడుతుంది. బతికే అవకాశం ఎక్కువగా ఉండేది. అంతకన్నా నిజం నా దగ్గర లేదు.”

బసమ్మ ఇంకొకటి అడిగింది. “నాది తొమ్మిదో నంబరు. నా సీసాలో ఏముండె?”

“ఉత్తది.”

“అంటే నాకు మందు పడిన దినమల్లా అది ఆమె మందే.”

“అలా లెక్క వేసుకోకండి. ఇంకా నాలుగు సీసాల్లో కూడా మందుంది. అన్నీ కలిసిపోయాయి, ఎవరిది ఎవరు తిన్నారో ఎవరూ చెప్పలేరు.”

“కలిసిపోయినాక ఎవురిదో సెప్పమని నేనే అంటుంటి తల్లీ,” అంది బసమ్మ. “లెక్క నాకొచ్చు. పంచిందాన్ని నేను.”

ఆ ఏడు పత్తి అయిపోయింది. మిరప కోతలకు బండి మాట్లాడారు. బయలుదేరే ముందురోజు ఎనిమిదిమంది ఆడవాళ్లు పిండి మూటలతో వచ్చి బసమ్మ ఇంటి ముందు నిలబడ్డారు. పట్ట పరిచి లేదు. బసమ్మ గడపలో కూర్చొని ఉంది.

“ఎవురిది వాళ్ల దగ్గరే ఉంచుకోండి,” అంది.

“అదేంది పెద్దమ్మా?” అంది భారతి. ఆమె చేతిలో మూట చిన్నది. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూటలు ఎత్తుకొని ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

ఆఖరున గిడ్డయ్య వచ్చాడు. కర్మనాడు మొదలు ఆమె గడప ముందుకు రావడం అదే మొదటిసారి. చేతిలో తెల్లటి గుడ్డసంచి ఉంది.

“ఆమె మిరప కోతలకని దాపెట్టిన జొన్నలు. ఆడిచ్చినా. ఇంట్లో పెట్టుకోలేను,” అని గడప మీద పెట్టి, ఇంకొక్క మాట లేకుండా వెనక్కి తిరిగాడు. అది క్షమించి ఇచ్చాడో, శిక్షగా ఇచ్చాడో బసమ్మకు అర్థం కాలేదు. నాకూ తెలియదు. ఆమె ఆ సంచిని తన మూటలో అడుగున పెట్టుకుంది.

గుంటూరు వైపు ఆ మిరప చేలో తొమ్మిది పొయ్యిలు వెలిగాయి. నొప్పి సెట్లు ఎవరివి వాళ్లు కొనుక్కున్నారు. మానండని బసమ్మ మొదటి రోజు చెప్పింది, ఇద్దరు మానారు. మూడో రోజుకు ఆ ఇద్దరిలో ఒకరు మళ్లీ మొదలుపెట్టారు. పత్తికి వంగిన నడుమే మిరపకూ వంగాలి. బసమ్మ సెట్టు మింగడం మానేసింది. నొప్పి ఓర్చుకుంది, ఒక్కోరోజు పాక్కుంటూ వచ్చి గుడారంలో పడేది.

ఇరవై రోజులు గడిచాయి. ఒక సాయంత్రం పనినుంచి వచ్చి అందరూ రొట్టెలు తడుతున్నారు. భారతి పొయ్యి ముట్టించలేదు. ఆకలి లేదంది. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రల అట్ట తలకింద పెట్టుకొని పట్ట మీద వాలింది. పక్క పొయ్యి మీద రొట్టె పొంగి కాలిన వాసన వచ్చింది. భారతి మెల్లగా అటు తిరిగి పడుకుంది.

బసమ్మ అది చూసింది. ఆమె చేతిలోని రొట్టె పెనం మీద పడకుండా అలాగే ఆగింది. ముప్పై ఏడేళ్ల కిందటి పిల్ల అక్కడ పడుకొని ఉంది. ఈసారి ఆ పొయ్యిలను విడగొట్టింది ఇంకెవరో కాదు.

చేతులు కడుక్కొని లేచింది. తన మూట విప్పి అడుగున ఉన్న తెల్లటి సంచి తీసింది. దాని ముడి గిడ్డయ్య కట్టినట్టే ఉంది. అది పట్టుకొని పొయ్యిల మధ్యలో కాసేపు నిలబడింది. రొట్టెలు తడుతున్న చేతులన్నీ ఆగాయి. మళ్లీ పట్ట పరుస్తుందేమో, అందరినీ పిండి తెమ్మంటుందేమో అని వాళ్లు ఎదురు చూశారు. చేటంత పిండి అది, తొమ్మిదిమందికి పంచితే తలా ఒక రొట్టె వస్తుంది.

బసమ్మ భారతి తలాపున కూర్చొని సంచి ఆమె చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల లేచి కూర్చొని, గుడ్డ గుర్తుపట్టి, వద్దన్నట్టు తల ఊపింది.

“ఇది మల్లేశ్వరిది. ఇప్పుడు నీది. లెయ్, పొయ్యి ముట్టించు. ఆ మాత్ర ఏసుకొని ఒట్టి కడుపున పండుకోగూడదు,” అంది బసమ్మ. “నువ్వొక్కదానివే తిను. ఎవురికీ పంచొద్దు. నేనడిగినా నాకు పెట్టొద్దు.”